ఇప్పపువ్వు ఎవరిది?

సావనీర్ అనగానే మన సంచికల్లో అన్నమయ్య పదాలు, శతక పద్యాలు, అవధానాలు, పిల్లలకు తెలుగు నేర్పడం ఎలా అన్న వ్యాసాలు తప్పకుండా ఉంటాయి. ఉండాలి కూడా. వాటి నడుమ ఈ సారా గొడవ ఏమిటని పెద్దలు కొందరు కళ్ళజోడు సవరించుకోవచ్చు. అయినా మహాసభల విందులో బారు దగ్గరి వరుస, పులిహోర దగ్గరి వరుసకు ఏమాత్రం తీసిపోదన్న సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి, ధైర్యం చేసి రాస్తున్నాను.

నేను చరిత్రకారుణ్ణి కాను. ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో స్థిరపడ్డ నలభై దాటిన మనిషిని. మా నాన్నగారు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతంలో బడిపంతులుగా పనిచేయడంతో నా చిన్నతనం ఇప్పచెట్ల మధ్య గడిచింది. అడవిపూలు ఏరుకొచ్చి ఇంట్లో పులియబెట్టుకోవడం అనే ఒకే పని, ఆక్లండ్‌లో ఆదివారపు కాలక్షేపమై, ఆదిలాబాద్‌లో పోలీసు కేసు ఎందుకయింది? చాలా ఏళ్ళుగా నన్ను వదలని ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన విషయాలే ఈ వ్యాసం.

పెరట్లో పూల వైన్

మా పక్కింటి పెద్దావిడకు డెబ్బై దాటాయి. పుట్టింది ఇంగ్లండ్‌లో. ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో, అంటే మాకు ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో, బుట్ట పట్టుకుని రోడ్ల పక్కన, వాగుల ఒడ్డున పెరిగే ఎల్డర్ పొదల దగ్గరికి వెళ్తుంది. గొడుగులా విచ్చుకున్న తెల్లటి పూగుత్తులు కోసుకొస్తుంది. కాడలు చేదు, పైగా ఒంటికి మంచివి కావు కాబట్టి, కూర్చుని ఓపికగా పూలు మాత్రమే దులుపుకుంటుంది. మన ఇళ్ళలో మునగాకు దూసినట్టే ఉంటుంది ఆ పని!

ఆ పూలను వేడినీళ్ళలో నానబెట్టి, నిమ్మరసం, గుప్పెడు ఎండుద్రాక్ష వేసి, నాలుగున్నర లీటర్ల నీటికి కిలో చక్కెర కలిపి, చల్లారాక ఈస్ట్ వేస్తుంది. వడగట్టి పెద్ద గాజుసీసాలో పోసి, మూతికి వంకర గొట్టం బిగిస్తుంది. గొట్టంలో కొద్దిగా నీళ్ళుంటాయి. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుందే తప్ప బయటి గాలి, ఈగ లోపలికి రావు. కొన్ని వారాలకు బుడగలు ఆగిపోతాయి. అడుగున మడ్డి దిగుతుంది. తేటను వేరే సీసాలోకి తీసి, నెలల తరబడి కదపకుండా ఉంచితే, పన్నెండు, పదమూడు శాతం ఆల్కహాలున్న లేతపసుపు వైన్ తయారవుతుంది. ఇదే పద్ధతిలో డాండిలయన్ పూలతోనూ, గోర్స్ పూలతోనూ చేస్తారు. ఈ గోర్స్ అనేది పసుపుపూల ముళ్ళపొద. కంచెల కోసం బ్రిటిష్ వలసదారులు తెచ్చి నాటారు. 1835లో ఇక్కడికి వచ్చిన డార్విన్ కూడా వైమాటేలో గోర్స్ కంచెలు చూశానని రాసుకున్నాడు. ఇప్పుడది కొండలకు కొండలు ఆక్రమించి రైతుల పాలిట శాపమైంది. పూలకు మాత్రం కొబ్బరి వాసన.

ఇక్కడ నా దృష్టిని లాగిన విషయం ఒకటుంది. ఈ పూలన్నీ ఇచ్చేది సువాసన మాత్రమే. మత్తుకు మూలమైన చక్కెర అంతా సూపర్ మార్కెట్ నుంచి రావలసిందే. చక్కెర సంచి లేకపోతే ఎల్డర్ వైన్ లేదు, గోర్స్ వైన్ లేదు.

చక్కెర రాల్చే చెట్టు

మన ఇప్పచెట్టు సంగతి వేరు. సంస్కృతంలో మధూకం, హిందీలో మహువా. మనం ఇష్టంగా తినే సపోటాకు వృక్షశాస్త్రం ప్రకారం దగ్గర చుట్టం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకులు రాలి, కొమ్మల చివర పూగుత్తులు వస్తాయి. తెల్లవారుజాము నుంచి పూలు టపటపా నేలకు రాలతాయి. పాలమీగడ రంగులో, ద్రాక్షపండులా కండగా ఉంటాయి. చెట్టు ఎక్కక్కర్లేదు, కొమ్మ విరవక్కర్లేదు. చెట్టుకింద నేల ముందే శుభ్రం చేసుకుని, ఎలుగుబంటి కంటే ముందు లేస్తే చాలు. ఇప్పపువ్వంటే ఎలుగులకు అంత ఇష్టం.

ఎండబెడితే పువ్వు ముదురు గోధుమరంగుకు తిరిగి కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. ఎండిన పువ్వులో సగానికి అటూఇటుగా చక్కెరలే ఉంటాయి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గిల్బర్ట్ ఫౌలర్ బృందం ఈ పువ్వు రసాయన గుణాలు, దాని ఆర్థిక ఉపయోగాలు పరిశీలించి 1920లోనే సుదీర్ఘ పత్రం ప్రచురించింది. ప్రపంచంలో పూలవైన్లు చాలా ఉన్నాయి కానీ, పక్కన చక్కెర పోయకుండా తనంతట తాను పులిసే పువ్వు ఇంత విరివిగా దొరకడం అరుదు.

అందుకే ఇప్పపువ్వు మొదట తిండి, ఆ తర్వాతే తాగుడు. వేయించుకుని తింటారు, ఉడికించి తింటారు, జొన్నలతో, గింజలతో కలిపి దంచుకుంటారు. వానాకాలం మధ్యలో పాత గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని వారాల్లో గంపలో దాచిన పువ్వే కడుపు నింపుతుంది. కాయల్లోని గింజలను గానుగాడి తీసిన నూనె వంటకూ, దీపానికీ వస్తుంది. మా బడి వెనక గుడిసెలో ఒక గోండు అవ్వ ఉండేది. మధ్యాహ్నం పూట వేయించిన పూలు దోసిట్లో పోసి, “తిను బిడ్డా, తియ్యగుంటది” అనేది. ఆ తీపిలో కాస్త మట్టివాసన, కాస్త పొగవాసన కలిసి ఉండేవి.

మద్యం చేయాలంటే ఎండుపూలను కుండలో నీళ్ళు పోసి కొన్నాళ్ళు నానబెడతారు. ఎక్సైజువారి భాషలో దీన్ని ఊట అంటారు. నురగ వచ్చి తగ్గాక కుండను పొయ్యిమీద పెట్టి, పైన మరో పాత్ర, దానిమీద చన్నీళ్ళ గిన్నె పెట్టి, ఆవిరిని చల్లార్చి చుక్కలుగా పడతారు. నిశ్చితార్థం, పెళ్ళి, చావు, విత్తనాల పండగ వంటి సందర్భాలన్నిటా దేవతకు, పూర్వీకులకు ముందు నాలుగు చుక్కలు నేలమీద వదిలిన తర్వాతే మనుషుల నోటికి అందేది. గోండు, కోయ గూడేల్లో దాని స్థానం అది.

చరకుడు ఎరిగిన పువ్వు

ఇదేదో అడవిలో మూలనపడి ఉన్న సంగతి అనుకుంటే పొరపాటు. చరక సంహిత సూత్రస్థానంలో ఎనభై నాలుగు రకాల ఆసవాల లెక్క ఉంది. అందులో పది పుష్పాసవాలు, అంటే పూలతో చేసిన మద్యాలు. తామర, కలువ జాతుల పక్కనే మధూకమూ, ధాతకీ పువ్వూ ఉన్నాయి. ధాతకీ పువ్వును ఆయుర్వేద మందుల తయారీలో పులియబెట్టడానికి ఈనాటికీ వాడుతున్నారు. ఇంట్లో సీసా మూత తీయడం మహాపాపంగా భావించే మా అమ్మమ్మ, భోజనం తర్వాత రెండు చెంచాల ద్రాక్షాసవం మాత్రం క్రమం తప్పకుండా పుచ్చుకునేది! దాంట్లోనూ పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు ఉంటుందని చెప్పే సాహసం మాలో ఎవరికీ లేకపోయింది.

శాతవాహన రాజు హాలుడు కూర్చినదిగా చెప్పే గాథాసప్తశతిలో ఇప్పపూలు కనిపిస్తాయి. మన గడ్డమీద పల్లె జీవితంలో ఆ చెట్టుకు రెండువేల ఏళ్ళ కిందటే చోటుందన్నమాట.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా ఆసక్తికరం. మద్యం మీద నిఘాకు సురాధ్యక్షుడు అనే అధికారినే నియమించి, పన్నులు, జరిమానాలు ఏర్పాటు చేసిన గ్రంథమది. అంత కట్టుదిట్టం చేసిన కౌటిల్యుడు కూడా గృహస్థులు శుభకార్యాలకు ఇంట్లో కొన్ని రకాల మద్యం చేసుకోవచ్చన్నాడు. ఉత్సవాలకు, జాతరలకు నాలుగు రోజుల వెసులుబాటు ఇచ్చాడు. రాజ్యానికి ఆదాయం కావాలి, నిజమే. జనం పొయ్యిమీది కుండ జోలికి ఎంతవరకు వెళ్ళాలో కూడా పాలకుడికి తెలియాలి. ఆ లెక్క తర్వాతి రోజుల్లో తప్పింది.

చిగురుపన్ను

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వారి ఖజానాకు ఆబ్కారీ ముఖ్యమైన ఆదాయమార్గం. పద్ధతి చాలా సులువు. ఒక ప్రాంతంలో కల్లు, సారా అమ్ముకునే హక్కును వేలంవేసి గుత్తకిస్తారు. గుత్తేదారు కట్టిన సొమ్ము తిరిగి రాబట్టుకోవాలి. అతని దుకాణంలో సరుకు అమ్ముడుపోవాలంటే, జనం ఇళ్ళలో చేసుకోవడం ఆగాలి. కాబట్టి ఇంటి కుండ నేరమయింది. ఆరోగ్యం కోసమో నీతికోసమో వచ్చిన నిషేధం కాదిది, అంగడికి పోటీ లేకుండా చేసే ఏర్పాటు.

దీని ఫలితం మొట్టమొదట గట్టిగా బయటపడిన చోట్లలో మన గోదావరి మన్యం ఒకటి. రంప కొండల్లో తాటి, జీలుగు చెట్ల కల్లు కొండవాళ్ళకు ఏడాదిలో కొన్ని నెలలపాటు సగం ఆహారం. ఆ ప్రాంతపు మన్సబుదారు కల్లుమీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా అడ్డుకుని, ఆ హక్కును గుత్తకివ్వడంతో, కింది గుత్తేదార్లు గూడేలమీద పడ్డారు. కలపపన్ను, పోలీసుల ఆగడాలు, కోర్టుల్లో మైదానపు వడ్డీ వ్యాపారుల దావాలు దీనికి తోడయ్యాయి. 1879 మార్చిలో చోడవరం పరిసరాల్లో తిరుగుబాటు లేచింది. అదే నేటి రంపచోడవరం. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకుల వెనక నడిచిన ఆ తిరుగుబాటు గొలుగొండ, భద్రాచలం కొండలకు పాకింది. వందలాది పోలీసులను, మద్రాసు సైన్యాన్ని దింపినా అణచడానికి ఏడాదికి పైగా పట్టింది. నాయకులిద్దరూ 1880లో హతులయ్యారు. మన్సబుదారును ప్రభుత్వమే తొలగించవలసి వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో రంప అనగానే అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. ఆయన కంటే నలభై ఏళ్ళ ముందు అదే కొండలు చెట్టుకల్లు కోసం భగ్గుమన్నాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

రంపలో చెట్టు తాటి, జీలుగు. బొంబాయి రాష్ట్రంలో ఇప్ప. అక్కడ 1878లో ఆబ్కారీ చట్టం వచ్చింది. అయినా అడవి ఒడ్డున ఉన్నవాడికి పువ్వు ఉచితంగా దొరుకుతుంటే దొంగసారాను ఆపేదెలా? 1892లో ఏకంగా పువ్వుమీదే చట్టం చేశారు. మౌరా చట్టమని దాని పేరు. ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు సేకరణ, నిల్వ, అమ్మకాలకు ఆంక్షలు పెట్టారు. పైన చెప్పుకున్నట్టు పువ్వంటే సారా ముడిసరుకు మాత్రమే కాదు, పేదవాడి తిండిగింజ కూడా. సారా ఆపడానికి తిండి ఆపిన చట్టమది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక బగ్ సరిచేయబోయి ప్రోగ్రామ్ మొత్తం ఆపేయడం లాంటిది.

మద్రాసు రాష్ట్రానికి 1886లో ఆబ్కారీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యానికి 1316 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. ఆదిలాబాద్ అడవుల్లో అదే కాలంలో అడవి చుట్టూ హద్దురాళ్ళు పాతుకొచ్చాయి. పోడు నేరం, కట్టె నేరం, పశువులు మేపితే పన్ను. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం నేలకొరగడానికి దారితీసిన ఫిర్యాదుల చిట్టా ప్రధానంగా భూమి, అడవిది. ఇప్పకుండ కథ ఆ పెద్ద కథలో ఒక పేజీ. స్వాతంత్ర్యం వచ్చాక, 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం పాత చట్టాల స్థానంలో వచ్చింది. పేరు మారింది కానీ, లైసెన్సు లేని కుండ నేరమన్న సూత్రం మారలేదు.

దొంగసారాకు మ్యూజియం

న్యూజిలాండ్ మొదటి నుంచీ ఉదారంగా ఉందనుకోకండి. యూరోపియన్లు రాకముందు ఇక్కడి మావోరీలకు మద్యమే తెలియదు. హరకేకే పూలలోని తేనెను తీపికోసం వాడుకున్నారే తప్ప పులియబెట్టలేదు. తెల్లవాళ్ళ సారాకు వాళ్ళు పెట్టిన పేరు వైపీరో, అంటే కంపునీళ్ళు. ఈ దేశంలో మొదటి బీరు కాచింది కెప్టెన్ కుక్. 1773లో డస్కీ సౌండ్‌లో ఓడ నిలిపి, నావికులకు స్కర్వీ జబ్బు రాకుండా రీము, మానుకా చెట్ల ఆకులతో కాయించాడు.

తర్వాత వలస ప్రభుత్వం చిన్న బట్టీలను అడ్డుకుంటూ చట్టాలు చేసింది. దక్షిణాన సౌత్‌లాండ్‌లోని హొకొనూయి కొండల్లో స్థిరపడిన స్కాట్లండ్ కుటుంబాలు వాటిని ఖాతరు చేయలేదు. 1870లలో వచ్చిన మెక్రే కుటుంబం తాతల నాటి పద్ధతిలో కొండచాటున విస్కీ కాచింది. 1902లో ఆ ప్రాంత ఓటర్లు మద్యం దుకాణాలు వద్దని తీర్పు ఇవ్వడంతో, దొంగ విస్కీకి గిరాకీ మరింత పెరిగింది. పోలీసులు పొగ జాడపట్టి వెతకడం, వాళ్ళు బట్టీ మార్చేయడం, అచ్చం మన ఏజెన్సీ కథలే! తేడా ఎక్కడంటే, ఆ దొంగబట్టీలు ఇప్పుడు గోర్ పట్టణంలో మ్యూజియంలో ఉన్నాయి. టిక్కెట్టు కొని చూడవచ్చు. హొకొనూయి పేరు సీసామీద అచ్చువేసి గర్వంగా అమ్ముతారు.

1996 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన కస్టమ్స్ అండ్ ఎక్సైజ్ చట్టంతో ఇంకో అడుగు పడింది. సొంత వాడకానికి ఇంట్లో బీరు, వైన్ చేసుకోవడమే కాక, బట్టీ పెట్టి స్పిరిట్ కాచుకోవడానికి కూడా లైసెన్సు అక్కరలేకుండా పోయింది. అమ్మితే మాత్రం నేరం. 2018లో వచ్చిన కొత్త చట్టం కూడా ఆ స్వేచ్ఛను కొనసాగించింది. ప్రపంచంలో ఇలాంటి దేశాలు చాలా తక్కువ. మా పక్కింటావిడ గాజుసీసాల వెనక ఇంత చరిత్ర ఉంది.

వద్దన్నవాళ్ళ కథ

ఇంతవరకు చదివి, నేను సారాను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. తాగుడు కాల్చిన కొంపలు ఉట్నూరులోనూ చూశాను, ఆక్లండ్‌లోనూ చూశాను. చరిత్రలో మద్యాన్ని కావాలన్న గొంతుతో పాటు వద్దన్న గొంతూ ఉంది. అది ఎక్కువగా ఆడవాళ్ళ గొంతు.

ప్రపంచంలో జాతీయ ఎన్నికల్లో స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చిన మొదటి స్వపరిపాలనా దేశం న్యూజిలాండ్. ఆ చట్టం 1893 సెప్టెంబరు 19న వచ్చింది. దాన్ని సాధించిన కేట్ షెపర్డ్, మద్యపాన వ్యతిరేక మహిళా సంఘం నాయకురాలు. మొగుళ్ళ తాగుడు అరికట్టాలంటే చట్టం కావాలి, చట్టం కావాలంటే ఓటు కావాలి. అదీ వాళ్ళ తర్కం. ఆ ఏడాది దాదాపు ముప్పై రెండు వేలమంది స్త్రీలు సంతకాలు పెట్టారు. 1911లో సంపూర్ణ నిషేధానికి సుమారు 56 శాతం ఓట్లు వచ్చాయి. 60 శాతం కావాలన్న నిబంధన వల్ల ఆగిపోయింది.

నూరేళ్ళ తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివారు ఇదే తర్కాన్ని మరో దారిలో కనిపెట్టారు. అక్షరదీపం కార్యక్రమంలో రాత్రిబడికి వెళ్ళి, సారా మాన్పించిన సీతమ్మ కథ చదివి, తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అంతకుముందు 1980లలో మన రాష్ట్రప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పాకెట్లలో సారా సరఫరా చేసింది. ఇంటి కుండను పగలగొట్టిన సర్కారే ఊరూరా పాకెట్లు పంచిందన్నమాట. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. పత్రికల్లో ఆ ఫోటోలు చూడటానికి మా నాన్నగారితో పోటీపడేవాణ్ణి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఆదాయం చాలడం లేదని దాన్ని సడలించారు.

ఇందాక పేరు చెప్పుకున్న అల్లూరి సీతారామరాజు కూడా 1922లో ఆయుధం పట్టడానికి ముందు మన్యంలో తాగుడు మానమని ప్రచారం చేశారు. చిగురుపన్ను మీద తిరగబడ్డ గూడేలే ఆ మాట ఆలకించాయి. ఈ రెంటికీ వైరుధ్యం ఉందని మొదట అనిపించింది కానీ, ఆలోచిస్తే లేదు. తాగాలా మానాలా అన్నది తామే తేల్చుకుంటామన్నదే రెండుచోట్లా వాళ్ళు అడిగింది.

న్యూజిలాండ్‌లో మావోరీలదీ అదే మాట. 1884లో ఉత్తర దీవి నడుమ ఉన్న కింగ్ కంట్రీ గుండా రైలుమార్గం వేయడానికి చర్చలు జరుగుతున్నప్పుడు, తమ నేలమీద మద్యం దుకాణాలు రాకూడదని అక్కడి నాయకులు కోరారు. ఆ మేరకు ప్రకటన వెలువడింది. చాటుమాటు అమ్మకాలు జరిగినా, ఆ నిషేధం 1954 దాకా పుస్తకాల్లో నిలిచింది.

ఒకే ఏడాది, రెండు చట్టాలు

న్యూజిలాండ్ ఇంటి బట్టీని నేరాల జాబితాలోంచి తీసిన 1996లోనే, డిసెంబరులో, మన పార్లమెంటు షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం చేసింది. పెసా అని పిలిచే ఆ చట్టం ప్రకారం మద్యనిషేధం అమలు చేయాలా, అమ్మకాలూ వాడకమూ నియంత్రించాలా అన్న అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండాలి. చిల్లర అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా వాళ్ళకే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిల్లర అటవీ ఉత్పత్తుల హక్కును మరోసారి ఖాయం చేసింది. అంటే, కాగితంమీద ఇప్పపువ్వు దాన్ని ఏరేవాళ్ళదే. తాగుడు ప్రశ్న కూడా వాళ్ళ గ్రామసభదే.

కాగితానికీ గూడేనికీ మధ్య దూరం మనకు తెలియనిది కాదు. అయినా మార్పు కనిపిస్తోంది. 2021లో మహారాష్ట్ర ఇప్పపువ్వు సేకరణ, నిల్వ, రవాణాల మీద పాత ఆంక్షలు ఎత్తివేసింది. అదే ఏడాది చివర్లో మధ్యప్రదేశ్, ఆదివాసులు చేసే ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి అమ్మకానికి అనుమతిస్తామని ప్రకటించింది. ఇక ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తోంది. రక్తహీనత ఉన్న గర్భిణులకు వాటిని పంచిపెట్టారు కూడా. ఏ పువ్వు ఇంట్లో ఉంటే ఎక్సైజువాళ్ళు అనుమానంగా చూసేవారో, అదే పువ్వు బలవర్ధకమైన ఆహారంగా సర్కారు మెప్పు పొందడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇందులో మనం గమనించుకోవలసిన సంగతి కూడా ఉంది. వైహెకీ దీవిలో ద్రాక్షతోటల మధ్య నిలబడి గ్లాసు తిప్పుతూ, మట్టిగుణం గురించి, ఓక్ పీపా వాసన గురించి మాట్లాడటం మనకు సంస్కారంగా తోస్తుంది. అదే మాటలు ఒక కోయ రైతు తన ఇప్పకుండ గురించి చెబితే నాటుసారా అని ముఖం చిట్లిస్తాం. రెండూ పులిసిన చక్కెరే. ఒకదానికి సీసా, లేబులు, న్యాయమూ దొరికాయి. రెండోదానికి కేసు దొరికింది. అది పువ్వు చేసిన తప్పు కాదు.

వారసత్వ మద్యం పేరుతో రేపు ఏ పెద్ద కంపెనీయో ఇప్పసారాకు అందమైన సీసా తొడిగి ఆక్లండ్ దుకాణాల్లో పెట్టవచ్చు. అప్పుడు లాభం తెల్లవారుజామున లేచి పువ్వు ఏరిన చేతులకు ఎంత చేరుతుందన్నదే అసలు పరీక్ష. గుత్తేదారు పోయి కంపెనీ వస్తే రంప కొండలు నేర్పిన పాఠం మనం చదవనట్టే లెక్క.

మనలో ఏజెన్సీ ప్రాంతాల్లో పుట్టినవాళ్ళు, అక్కడ ఉద్యోగాలు చేసిన తల్లిదండ్రులు ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పండగలో ఎవరు ముందు తాగేవారు, పువ్వు ఎలా దాచేవారు, ఏ ఏడాది ఎవరిమీద కేసు పెట్టారు వంటి సంగతులు పెద్దల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి, ఏ గెజెట్‌లోనూ లేవు. ఫోను చేసినప్పుడు ఆరోగ్యం ఎలా ఉందని అడిగాక, ఈ ప్రశ్నలు కూడా ఒకటి రెండు అడగండి. చెప్పింది రాసిపెట్టండి. వచ్చే సంచికల్లో అవి చదవాలని నా కోరిక.